పాత ఝూమర్లు, వేలాడే దీపాలు: హైదరాబాదులో కొనేముందు చూడవలసినవి

మారేడుపల్లిలోని తాతగారి ఇంటిని త్వరలో బిల్డరుకు అప్పగించబోతున్నారని, ఆ ఇంటి హాలులో మూడు చేతుల ఇత్తడి దీపం ఉందని, ఒక చేతికి గాజు చిప్ప లేదని, దానితో మొదలుపెట్టి 1950, 60ల నాటి షాండిలియర్లు, వేలాడే దీపాలు సేకరించాలని ఉందని మీరు రాశారు. ఒక వ్యాపారి పన్నెండు చేతుల ‘ఇటలీ స్పుత్నిక్’ను (ఉపగ్రహంలా చేతులు నలుదిక్కులా చాచిన దీపాన్ని) 1957 నాటిదని చెప్పి అమ్మజూపుతున్నారని, ఎర్రగడ్డ ఆదివారం సంతలో మూడు తెల్లగాజు దీపాలు కనిపించాయని, వీటిలో ఏది కొనాలో, కొన్నదాన్ని తార్నాక ఫ్లాటులో తొమ్మిదిన్నర అడుగుల స్లాబుకు ఎలా తగిలించాలో చెప్పమన్నారు. నా సలహా ముందే చెబుతాను. తాతగారి దీపాన్ని ఇల్లు కూల్చకముందే దగ్గరుండి దింపించండి. గాజు దీపాలను పరీక్షించి కొనండి. స్పుత్నిక్ మీద మాత్రం, కింద చెప్పబోయే పరీక్షలన్నింటికీ నిలిస్తే తప్ప, డబ్బు పెట్టకండి.

దీపాల సంగతికి ముందు కొంచెం ఆర్థిక చరిత్ర చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదులో ఇటలీ, డెన్మార్కు పేర్లతో తిరిగే పాత సరుకును అంచనా వేయడానికి అంతకన్నా మంచి కొలత నాకు కనిపించలేదు. రెండో పంచవర్ష ప్రణాళిక 1956లో మొదలైన కొద్దికాలానికే దేశంలో విదేశీ మారకద్రవ్యానికి కటకట ఏర్పడింది. 1957 నుంచి దిగుమతి లైసెన్సులు బాగా బిగుసుకున్నాయి. ఇంటి అలంకరణ వస్తువులకైతే ఆ తలుపు దశాబ్దాల పాటు దాదాపు మూసుకునే ఉంది. కాబట్టి ఆ కాలంలో బంజారాహిల్స్‌లోనో హిమాయత్‌నగర్‌లోనో ఇల్లు కట్టుకున్న ఇంజనీరు, డాక్టరు, వకీలు మిలాన్ నుంచి దీపం తెప్పించుకోవడం అసాధ్యం కాకపోయినా చాలా అరుదు. విదేశంలో ఉద్యోగం చేసి తిరిగి వస్తూ సామానుతో పాటు తెచ్చుకున్నవారు ఉంటారు. అయితే అలా వచ్చిన దీపానికి ఒక పాత ఫోటోనో, రసీదో, కనీసం ఆ ఇంటివారి జ్ఞాపకమో తోడుంటుంది. ఆ తోడు ఏదీ లేకుండా, ‘పాత బంగళా నుంచి వచ్చింది సార్’ అన్న ఒక్క మాటతో వచ్చిన ఇటలీ దీపాన్ని నేను ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులో చేసిన కొత్త దీపంగా భావించే పరీక్ష మొదలుపెడతాను. మొరాదాబాదు ఇత్తడి పనివారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ నమూనా దీపాలు అక్కడ తయారై చాలా దేశాలకు వెళుతున్నాయి; కొత్తవాటిని కొత్త వెలకు కొంటే అవి మంచి వస్తువులే.

మన ఇళ్లలో ఆ రోజుల్లో ఎక్కువగా వేలాడినవి వేరు. ఇత్తడి గొంతుకు మూడు మరలతో బిగించిన పాలగాజు గోళాలు, లేతు మీద తిప్పి తీర్చి లేత ఆకుపచ్చ రంగో పసుపు రంగో వేసిన అల్యూమినియం శంకువులు, టేకు దిమ్మెకు ఇత్తడి చేతులు అమర్చి చివర గాజు చిప్పలు పెట్టిన మూడు చేతుల, అయిదు చేతుల దీపాలు. వీటిలో చాలావాటి మీద తయారీదారు పేరు ఉండదు. పేరు లేనిదానికి వేలంలో ధర పలకదు. అందువల్లనే అవి ఇంకా మనకు అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదులో కూర్చుని సేకరించేవారికి ఇవే అసలైన సేకరణ అని నా గట్టి అభిప్రాయం. ఏ పేటలో, ఏ ఇంట్లో, ఏ గదిలో, ఎప్పటి నుంచి వేలాడిందో చెప్పగలిగిన పేరులేని దీపం నా దృష్టిలో పుట్టుపూర్వోత్తరాలు తెలియని ‘పేరున్న’ దీపం కన్నా విలువైనది. పాత పేటల్లో సొంత ఇళ్లు అపార్టుమెంట్లుగా మారుతున్న వేగం చూస్తే ఈ అవకాశం ఎక్కువ కాలం ఉండదని కూడా అనిపిస్తుంది.

అయినా ఆ కాలపు గొప్ప దీపాల తర్కం తెలియకుండా పేరులేని దీపాల మంచిచెడ్డలు పోల్చుకోలేం. మన ఊరివారికి ఝూమర్ అనగానే చౌమహల్లా దర్బారు హాలులోని 19 బెల్జియం స్ఫటిక దీపాలు కళ్లముందు మెదులుతాయి. ఆ సంప్రదాయం కొవ్వొత్తి కాలానిది. ఉన్న కాస్త వెలుగును పలకలు కోసిన గాజుతో నలుమూలలా చిమ్మించడం దాని పని. విద్యుత్తు బల్బు వచ్చాక సమస్య తిరగబడి, వెలుగు ఎక్కువై కళ్లలో గుచ్చుకోసాగింది. డెన్మార్కుకు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ 1920లలోనే దీనికి ఒక పరిష్కారం కనిపెట్టాడు: మూడు షేడ్లను లాగరిథమిక్ సర్పిలం (బయటికి పోయేకొద్దీ వెడల్పయ్యే చుట్ట) వంపులో ఒకదాని కింద ఒకటిగా అమర్చి, బల్బు కంటికి కనబడకుండా, దాని వెలుగు మాత్రం షేడ్ల మీద పడి మెత్తగా కిందికి దిగేలా చేశాడు. దీపాలు తయారుచేసే లూయి పౌల్సెన్ సంస్థ 1958లో విడుదల చేసిన ఆయన పీహెచ్ 5 దీపంలో పెద్ద షేడు వ్యాసం 50 సెంటీమీటర్లు. మన కన్ను ఎరుపు, నీలం కొసల వర్ణాలను తక్కువగా గ్రహిస్తుంది కనుక, ఆ లోటు పూడ్చడానికి లోపలి చిన్న భాగాలకు ఆ రెండు రంగులూ వేయించాడు. అదే సంవత్సరం కోపెన్‌హాగన్‌లోని లాంగెలీనీ పెవిలియన్ రెస్టారెంటు కోసం చేసిన ఆర్టిచోక్ దీపంలో 12 వరుసలుగా 72 రేకులు ఉంటాయి. ఎటు నుంచి చూసినా బల్బు కనిపించదు.

ఇటలీలో జీనో సర్ఫాట్టి సరిగ్గా ఎదురుదారి పట్టాడు. 1939లో ఆర్తెలూచె సంస్థను స్థాపించిన ఈయన బల్బును దాచకుండా దాన్నే అలంకారంగా చేసుకున్నాడు. 1958 నాటి 2097 నమూనాలో నడుమ ఉక్కు గొట్టం, దాని చుట్టూ ఇత్తడి చేతులు, చేతుల చివర మామూలు బల్బులు. వాటికి వెళ్లే తీగలు కూడా బాహాటంగా వంపు తిరిగి వేలాడుతుంటాయి. వియన్నా గాజు సంస్థ లోబ్‌మైర్ తరఫున హాన్స్ హరాల్డ్ రాత్ రూపొందించగా 1966లో ఆస్ట్రియా న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపెరాకు బహూకరించిన నక్షత్ర దీపాలలో పాత స్ఫటికమూ ఈ కొత్త ఆకారమూ కలిశాయి. మూడో దారి వెలుగును ఒక పొర గుండా వడగట్టడం: ఇసాము నొగుచి 1951 నుంచి జపాన్ గిఫు పట్టణపు కాగితంతో చేసిన అకారి దీపాలు, జార్జ్ నెల్సన్ 1952 నాటి బబుల్ దీపాలు, 1960లో కాస్తిల్యోని సోదరులు తీగ చట్రం మీద ప్లాస్టిక్‌ను పిచికారీ చేసి చేసిన తరక్సాకుమ్ ఈ కోవలోవి.

కాబట్టి ఏ దీపం చేతికి వచ్చినా, ఇది బల్బును దాచడానికి చేసిందా, చూపడానికి చేసిందా, వడగట్టడానికి చేసిందా అని మొదట అడగండి. దాచడానికి చేసిన దీపం కింద నిలబడితే బల్బు కంట్లో పొడుస్తోందంటే, ఏదో ఒక షేడో అడుగు పళ్లేమో పోయిందని అర్థం. చూపడానికి చేసిన దీపంలో హోల్డరు చుట్టూ అందవికారమైన ఖాళీ కనిపిస్తే దానికి ఒకప్పుడు చిన్న గిన్నె ఉండేదని ఊహించాలి. విడిభాగం లోపించిన దీపాన్ని చవకగా ఇస్తున్నారని కొనడం నాకు సమ్మతం కాదు. ఆ భాగం కోసం వెతకడంలో ఏళ్లు గడిచిపోతాయి, చివరికి అసలు దీపం కన్నా ఆ ముక్కకే ఎక్కువ అడుగుతారు.

ఈ తర్కం బల్బు ఎంపికకూ వర్తిస్తుంది. దాచే దీపాలను ఫిలమెంటు ఒక నిర్దిష్టమైన ఎత్తులో ఉంటుందన్న లెక్కతో గీశారు. ఈనాటి ఎల్‌ఈడీ బల్బులలో చాలావాటికి కింది సగం ప్లాస్టిక్ మెడ, వెలుగంతా పై సగం నుంచి వస్తుంది. అందువల్ల వెలుగు కేంద్రం ఒకటి రెండు సెంటీమీటర్లు జరిగి, దాగవలసిన వెలుగు షేడు అంచు దాటి బయటపడుతుంది. అలాంటిచోట పొట్టి మెడ ఉన్న పాలగాజు ఎల్‌ఈడీ వాడండి. బల్బును చూపే దీపాలకు చిన్న గోళాకారపు బల్బులు నప్పుతాయి. రెండింటికీ 2700 కెల్విన్ రంగు (పసుపు ఛాయ వెలుగు) తీసుకోండి. మన ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్లని 6500 కెల్విన్ వెలుగులో పాత ఇత్తడి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది.

ఇక మీ వ్యాపారి స్పుత్నిక్. 1957 అన్న సంవత్సరమే నాకు అనుమానంగా ఉంది. ఈ దీపానికి పేరిచ్చిన సోవియట్ ఉపగ్రహం ఎగిరింది 1957 అక్టోబరు 4న. చేతులు నలుదిక్కులా చాచిన ఈ ఆకారపు దీపాలు ఇటలీలో అంతకుముందే ఉన్నాయి. కచ్చితమైన వయసు తెలియని అమ్మకందారు పేరును బట్టి సంవత్సరం చెప్పి ఉండవచ్చు. మీరు వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం, టార్చి, మర పిచ్‌ను (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరాన్ని) కొలిచే గేజి పట్టుకెళ్లండి. దీపాన్ని వేలాడుతుండగా కాకుండా దింపించి, బల్ల మీద తలకిందులుగా పెట్టించి చూడండి; అందుకు ఒప్పుకోని వ్యాపారి దగ్గర సంభాషణ అక్కడితో ముగించవచ్చు. అయస్కాంతం చేతులకు అంటుకుంటే అవి ఇనుప గొట్టాలకు ఇత్తడి పూత పూసినవి. అంతమాత్రాన పాతవి కావని తీర్పు చెప్పలేం, ఆ రోజుల్లో కూడా పూత దీపాలు ఉండేవి. కానీ ‘అచ్చ ఇత్తడి’ అని చెప్పిన ధర మాత్రం తగ్గాలి.

తరువాత హోల్డర్లు చూడండి. వాటి మీద సీఈ (CE) అనే యూరప్ ప్రమాణాల గుర్తు ఉంటే ఆ హోల్డరు 1993కు ముందుది కాదు. హోల్డరు ఒక్కటే మార్చి ఉండవచ్చు, అయితే పన్నెండింటికి పన్నెండూ ఒకే తీరున కొత్తవైతే వ్యాపారి కారణం చెప్పాలి. ‘పశ్చిమ జర్మనీ’ అని ఉన్న భాగం 1949కీ 1990కీ మధ్యది. భారతీయ భాగం మీద ఐఎస్ఐ ముద్ర ఉంటే అది 1955కు ముందుది కాజాలదు. యూరప్ దీపపు గొట్టాల మర సాధారణంగా 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు పిచ్ కలిగి ఉంటుంది. అమెరికా దీపాలది అంగుళానికి 27 చుట్లు. ఈ రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి కానీ ఒకదానిలో ఒకటి సరిగా కూర్చోవు. ఒకే దీపంలో రెండు రకాలూ కనబడితే అది రెండు దీపాల నుంచి కూర్చిన వస్తువు.

వీటన్నింటికన్నా నేను ఎక్కువగా నమ్మేది వేడి, గాలి వదిలిన జాడలు. ఇరవై ఏళ్లు వెలిగిన దీపంలో బల్బుకు దగ్గరగా ఉన్న లోహం నల్లబడుతుంది, దూరంగా ఉన్నది అంతగా మారదు. పైకి తిరిగిన చేతుల మీద జిడ్డుతో కలిసిన దుమ్ము గట్టిపడుతుంది, కిందికి తిరిగిన చేతుల మీద పడదు. హోల్డరు విప్పితే దాని కింద గాలి తగలని వలయం మెరుస్తూ బయటపడుతుంది. రసాయనంతో నల్లబరిచిన కొత్త ఇత్తడి మాత్రం మూల మూలనా ఒకే ఛాయలో ఉంటుంది, హోల్డరు కింద కూడా. ఈ తేడాను ఒకసారి అసలైన పాత దీపం మీద చూసినవారు ఇక మరచిపోరు. మీ తాతగారి దీపమే ఆ పాఠానికి చాలు; వ్యాపారి దగ్గరికి వెళ్లేముందు దాని పైగిన్నె (సీలింగు దగ్గర తీగలను కప్పే గిన్నె) విప్పి లోపల ఒకసారి చూడండి.

ఎర్రగడ్డలో మీరు చూసిన తెల్లగాజు దీపాల పరీక్ష ఇంతకన్నా తేలిక. ఊది చేసిన మంచి పాలగాజు రెండు మూడు పొరలుగా ఉంటుంది: పారదర్శకమైన గాజుల నడుమ పలుచని తెల్లపొర. లోపల టార్చి వెలిగిస్తే వెలుగు గోళమంతటా సమంగా పరుచుకుంటుంది. మామూలు గాజుకు తెల్లరంగు పూసినదైతే టార్చి ముందు సూదిమొన ప్రమాణంలో రంధ్రాలు, పిచికారీ చారలు బయటపడతాయి. నోటి అంచును వేలితో తడమండి. ఊదిన గాజుకు అంచు కోసి అరగదీసిన గుర్తు ఉంటుంది, మందం ఒక పక్క కాస్త ఎక్కువగా తగులుతుంది. మూడు గోళాలనూ వంటింటి త్రాసులో తూచితే బరువుల్లో స్వల్పంగా తేడా రావాలి. అచ్చుగుద్దినట్టు ఒకే బరువు ఉన్నాయంటే యంత్రపు తయారీ అనుకోవాలి. పగుళ్లు సాధారణంగా ఇత్తడి గొంతు దాచే చోటే ఉంటాయి కనుక మూడు మరలూ విప్పించి ఆ అంచు చూడకుండా కొనకండి. పాత మరలను మితిమీరి బిగించడం వల్ల, వేడికి గాజు సాగే చోటు లేక అక్కడే చిట్లుతుంది. మీరు తగిలించేటప్పుడు కూడా మర గాజుకు తాకిన తరువాత అరచుట్టు వెనక్కి తిప్పండి.

తాతగారి దీపం విషయంలో తొందర అవసరం. కూల్చివేతకు వచ్చేవారు తలుపులు, కిటికీలు, ఇనుము, తీగలు అన్నింటికీ కలిపి బేరం కుదుర్చుకుని వస్తారు. దీపాలు ఎవరివో కాగితం మీద లేకపోతే ఆ రోజు వాదించి లాభం లేదు. బిల్డరుతో చేసుకునే ఒప్పందంలోనే, దీపాలు, స్విచ్చిబోర్డులు, దీపం కింది టేకు దిమ్మెలు యజమాని తీసుకుంటారని ఒక వాక్యం రాయించండి. దింపేముందు గదితో సహా ఫోటోలు తీయండి. మెయిన్ స్విచ్ ఆపి, టెస్టరుతో రెండు తీగలనూ పరీక్షించాకే ఎవరైనా నిచ్చెన ఎక్కాలి, ఎందుకంటే పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉండి ఫేజు ఎప్పుడూ దీపంలోనే ఉండటం తరచుగా కనిపిస్తుంది. విప్పిన ప్రతి మరనూ, బేకలైటు హోల్డరునూ, పనికిరాని తీగ ముక్కను సైతం పొట్లం కట్టి పేరు రాసి ఉంచండి. ఆ దీపాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో ఇంట్లోని పెద్దవారిని అడిగి వారి మాటల్లోనే రాసిపెట్టండి. సేకరణకు ఆ కాగితమే అసలు ఆస్తి.

విద్యుత్తు పని గురించి ఎవరూ రాజీపడకూడదని నా మనవి. 1950ల నాటి తీగ రబ్బరు తొడుగు మీద నూలు అల్లిక వేసినది. ఇంత కాలానికి ఆ రబ్బరు పెళుసై, వంచగానే రాలిపోతుంది. తరువాతి పీవీసీ తీగలలో ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థం బయటికి ఊరి, రాగితో కలిసి ఆకుపచ్చని జిగురుగా మారుతుంది. రెండింటినీ పూర్తిగా మార్చవలసిందే. కొన్ని పాత దీపాలలో బల్బు దగ్గరి తీగకు పీచులాంటి తెల్లని తొడుగు కనిపిస్తుంది; అది ఆస్బెస్టాస్ కావచ్చు, కాబట్టి పొడిగా గీకకుండా, తడిపి, చేతితొడుగులు, మాస్కు పెట్టుకుని తీయించండి. పన్నెండు 40 వాట్ల బల్బులు వెలిగినా మొత్తం 480 వాట్లు, 230 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే, 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. గొట్టాల కొసలలో లోపలి పదును అరగదీయించి, తీగ బయటికి వచ్చే ప్రతిచోటా చిన్న బుష్ (తీగ ఒరుసుకోకుండా కాపాడే వలయం) పెట్టించండి, లేకపోతే కొత్త తీగ కూడా ఏడాదికే తెగి లోహానికి తగులుతుంది. మరతో తిప్పే ఇ27, ఇ14 హోల్డర్లలో ఫేజు నడిమి బిందువుకు, న్యూట్రల్ మర భాగానికి వెళ్లాలి. మన బి22 పిన్ను హోల్డర్లకు ఈ చిక్కు లేదు. లోహపు చట్రానికి ఎర్తు తీగ తప్పనిసరిగా కలపాలి, ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉండాలి. పని ముగిశాక ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) కొలిపించండి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ దీపం పైకెక్కకూడదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన దీపాలకు మరో మాట. అక్కడి సరఫరా 120 వోల్టులు కనుక వాటి తీగ, హోల్డర్లు, స్విచ్చులు ఆ ప్రమాణానికే చేసినవై ఉంటాయి. ఇక్కడి బల్బు అందులో పట్టినంత మాత్రాన సరిపోదు; అన్నింటినీ మార్పించండి.

తగిలించడం. తార్నాక ఫ్లాటులో స్లాబు పోసేటప్పుడే కడ్డీకి కట్టి వదిలిన ఫ్యాన్ హుక్కు ఉంటే అది ఇలాంటి దీపాలకు సరైన ఆధారం, అది తుప్పు పట్టనంత వరకు. దీపాల అంతర్జాతీయ ప్రమాణంలో వేలాడదీసే భాగానికి, దీపం బరువుకు నాలుగు రెట్ల బరువు గంటసేపు వేలాడదీసి చూడాలన్న పరీక్ష ఉంది. మీరూ అదే చేయండి: ఎనిమిది కిలోల దీపమైతే ముప్పై రెండు కిలోల ఇసుక సంచీ. ఈ ఊళ్లో పక్కవీధిలో ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు కాబట్టి ఇసుకకు కొదవ ఉండదు. హుక్కు లేనిచోట స్లాబులోకి యాంకర్ ఫాస్టెనర్లు (కాంక్రీటులో బిగుసుకునే బోల్టులు) వేయించవచ్చు. జిప్సం ఫాల్స్ సీలింగుకు మాత్రం దేన్నీ తగిలించకండి, అది తన బరువు తాను మోస్తే చాలు.

తొమ్మిదిన్నర అడుగుల స్లాబు నుంచి వేలాడే పన్నెండు చేతుల దీపం నడిచేవారి తలకు తగులుతుంది. స్పుత్నిక్ వద్దనడానికి ఇది కూడా ఒక కారణం. భోజనాల బల్ల మీద అయితే వేలాడే దీపం అడుగు బల్లకు 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండటం బాగుంటుంది, కూర్చున్నవారి ముఖాలు కనిపిస్తాయి. హాలులో మన అసలు సమస్య సీలింగు ఫ్యాను. గది నడుమ హుక్కు ఒకటే, ఫ్యాను లేకుండా హైదరాబాదు మే నెల గడవదు. ఫ్యాను రెక్కలు దీపానికి అడ్డుగా తిరిగితే గదంతా నీడలు దడదడలాడి తలనొప్పి తెస్తాయి. దీపం ఊగి, మరలు వదులై, గాజు జారిపడే ప్రమాదం కూడా ఉంది. నేనైతే నడిమి హుక్కు ఫ్యానుకే వదిలేసి, దీపాన్ని భోజనాల బల్ల మీదికో, గది మూలకో, మెట్ల మలుపుకో జరుపుతాను.

శుభ్రం చేసేటప్పుడు మన ఇళ్లలోని మంచి అలవాటే ముప్పు తెస్తుంది. పూజ సామగ్రిని తోమినట్టు చింతపండుతోనో పీతాంబరితోనో పాత దీపాన్ని తోమితే దశాబ్దాల ఛాయ ఒక్క పూటలో పోతుంది. లాకరు (మెరుపు నిలిపే పారదర్శక వార్నిష్) పూత ఉన్న ఇత్తడైతే మచ్చలు మచ్చలుగా లేచి మరీ అధ్వానంగా తయారవుతుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, కొద్దిగా సబ్బు కలిపిన నీటిలో పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక పలుచగా మైనం పట్టించడం చాలు. గాజును బోరు నీటితో కడగకండి, ఆరాక తెల్లని ఉప్పు చారలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటరు లేదా ఆర్‌ఓ నీరు వాడండి. వర్షాకాలం ముగిశాక పైకి తెరిచి ఉన్న గిన్నెలలో రాలిన రెక్కల పురుగులను తీసివేయండి.

ఎక్కడ వెతకాలన్నదానికి నా దగ్గర రహస్యాలు లేవు. ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్, పాత సామాన్ల దుకాణాలు, అన్నింటికన్నా ముఖ్యంగా కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఇళ్లు. హోల్డర్లు, తీగలు, బుష్‌లు ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి. ఇత్తడి రేకుతో పైగిన్నె వంటిది కొత్తగా చేయించవలసి వస్తే పెంబర్తి పనివారిని మించినవారు దగ్గరలో లేరు. నమూనా ఇస్తే చేతి సుత్తితో అచ్చంగా తీర్చి ఇస్తారు. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు నిండిన వస్తువులకు వర్తిస్తుంది కనుక 1950ల దీపానికి ఆ రిజిస్ట్రేషను భయం లేదు. విదేశీ వేలంలో కొనే ఆలోచన ఉంటే మాత్రం, వాడిన వస్తువుల దిగుమతికి అనుమతి అవసరం కాబట్టి, పాట పాడకముందే కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడండి.

చివరిగా, మూడో చేతికి లేని గాజు చిప్ప. అచ్చంగా జతపడే పాతది దొరకడం అదృష్టం మీద ఆధారపడిన పని, కానీ ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదు గాజు కార్ఖానాలలో నమూనా పంపితే ఊది ఇచ్చేవారు ఉన్నారు. మిగిలిన రెండింటిలో ఒకదాన్ని ప్రయాణానికి పంపకండి. మెడ బయటి వ్యాసం, నోటి వ్యాసం, ఎత్తు, మందం మిల్లీమీటర్లలో కొలిచి, తెల్లకాగితం మీద పక్క నుంచి కనిపించే ఆకారం గీసి, టార్చి వెలుగులో తీసిన ఫోటోతో కలిపి పంపండి. ఒకటికి బదులు మూడు చేయించండి, ఎందుకంటే ఒక విడతకూ మరో విడతకూ తెలుపు ఛాయ మారుతుంది. కొత్త చిప్ప వచ్చాక గొంతు లోపల, ఇత్తడి కప్పే చోట, వజ్రపు మొన కలంతో చేయించిన సంవత్సరం గీయించండి. మీ తరువాత ఆ దీపం ఎవరి చేతికి వెళ్లినా ఏది పాతదో ఏది కొత్తదో వారు వెతుక్కోనవసరం ఉండదు.